గాలి, బీగం, సంకేతం: పశ్చిమ కర్నూలులో వాహన మరమ్మతు పరిజ్ఞాన పరిణామం – ఆదోని, ఎమ్మిగనూరు నేపథ్యం

వ్యాససంగ్రహం

చక్రంలోని గాలి ఒత్తిడిని తెలుసుకోవడం, తాళాన్ని తెరవడం వాహన వినియోగంలో మొదటి రెండు పనులు. ఒకప్పుడు ఇవి చేతికీ కంటికీ చెవికీ అందే పనులు. గత మూడు నాలుగు దశాబ్దాల్లో ఈ రెండూ రేడియో సంకేతాల అధీనంలోకి వెళ్ళాయి. ఈ మార్పు ప్రపంచ స్థాయిలో ఎలా జరిగింది, చిన్న పట్టణాల మరమ్మతు వృత్తిని ఎలా ప్రభావితం చేస్తున్నది, వృత్తి పదజాలంలో ఏ జాడలు వదిలింది అనే అంశాలను ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పాత కార్లలో టైరు ఒత్తిడి సెన్సర్లు, రిమోట్ తాళంచెవులు మొరాయించినప్పుడు లోపాన్ని గుర్తించే క్రమాన్ని ఇది ఒక వృత్తి పరిజ్ఞానంగా భావించి చర్చిస్తుంది.

కీలక పదాలు: ఆదోని, ఎమ్మిగనూరు, వృత్తి పదజాలం, టైరు ఒత్తిడి సెన్సర్, రిమోట్ తాళంచెవి, మరమ్మతు హక్కు.

1. ఉపోద్ఘాతం

తెలుగులో వృత్తి పదజాల పరిశోధనకు బలమైన పునాది ఉంది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి వెలువరించిన మాండలిక వృత్తి పదకోశం 1962లో వ్యవసాయ పదాలతోనూ, 1971లో చేనేత పదాలతోనూ వెలువడింది. పత్తి పండే ఆదోని ప్రాంతానికీ, మగ్గం మీద బతికిన ఎమ్మిగనూరుకూ ఈ రెండు సంపుటాలూ దగ్గరివే. ఆ ప్రణాళిక రూపుదిద్దుకున్న కాలానికి సెన్సర్, రిమోట్, స్కానర్ వంటి మాటలు మన వీధుల్లోకి రాలేదు. నేడు అవి ప్రతి మెకానిక్ షెడ్డులోనూ వినిపిస్తున్నాయి.

పదం వచ్చినంత సులభంగా పని రాదు. నేత పదాలు నేర్చినవాడు మగ్గాన్ని విప్పి చూడగలడు. సెన్సర్ అనే మాట తెలిసినవాడికి దాని లోపలికి ప్రవేశం లేదు. దాని పొట్టును జిగురుతో మూసివేసి ఉంచుతారు. దానితో మాట్లాడాలంటే వేరే పరికరం కావాలి, ఆ పరికరానికి అనుమతి కావాలి. ఒక వృత్తి తన పదార్థం మీద పట్టు కోల్పోయే క్రమాన్ని చూడటానికి గాలి, తాళం అనే రెండు సామాన్య విషయాలు చాలినంత సాక్ష్యాన్ని ఇస్తాయి.

2. చారిత్రక నేపథ్యం: పత్తి, మగ్గం, దారి

1800లో నిజాం నుండి ఆంగ్లేయులకు సంక్రమించిన దత్తమండలాల్లో ఆదోని ఒక ముఖ్య స్థానం. చాలాకాలం ఇది బళ్ళారి జిల్లాలో భాగంగా ఉంది. 1953 అక్టోబర్ 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి నుండి విడివడి కర్నూలు జిల్లాలో చేరాయి. ఈ సరిహద్దు చరిత్ర కారణంగానే ఇక్కడి వ్యవహారంలో తెలుగు, కన్నడం, ఉర్దూ కలగలిసి ఉంటాయి. వృత్తి పదాలను పరిశీలించేటప్పుడు ఇది గుర్తుంచుకోవలసిన విషయం.

1871లో మద్రాసు వైపు నుండి వచ్చిన రైలుమార్గం రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిసింది. ఆ దారిలో ఉన్న ఆదోని పత్తి వాణిజ్య కేంద్రంగా ఎదిగింది. జిన్నింగ్, ప్రెస్సింగ్ మిల్లులు, నూనె మిల్లులు వెలిశాయి. పట్టణానికి రెండో ముంబయి అనే పేరు వాడుకలోకి వచ్చింది. మిల్లు ఉన్నచోట యంత్రాన్ని నిలబెట్టే ఫిట్టరు, ఇనుమును చెక్కే టర్నరు, పట్టీలు మార్చే మనిషి అవసరమవుతారు. ఎమ్మిగనూరులో మార్పు మరో దారిన వచ్చింది. మాచాని సోమప్ప 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘం నూలు, నమూనా, విపణి అనే మూడింటినీ సభ్యుల అందుబాటులోకి తెచ్చింది. సోమప్పకు 1954లో పద్మశ్రీ లభించింది. ఒక పట్టణం యంత్రాన్ని మరమ్మతు చేసే నైపుణ్యానికీ, మరొక పట్టణం సాధనాలను ఉమ్మడిగా సమకూర్చుకునే పద్ధతికీ ఉదాహరణలు. ఈ వ్యాసం చివరి వాదనకు ఈ రెండూ అవసరం.

3. చక్రంలోకి గాలి ప్రవేశం

ఎద్దులబండి చక్రంలో గాలి లేదు. ఇరుసు, సీల, ఆకులు, ఇనుప పట్టా, కందెన – ఇవే దాని పదాలు. ఏ భాగం చెడినా కంటికి కనబడుతుంది, చప్పుడు చెబుతుంది. బాగుచేసేవారు ఊరిలోని వడ్రంగి, కమ్మరి.

గాలి నింపిన చక్రానికి రాబర్ట్ విలియం థామ్సన్ 1845లో పేటెంటు పొందినా, అది వాడుకలోకి వచ్చింది 1888లో బెల్ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ చేసిన ప్రయత్నం తరువాతనే. తెలుగు పల్లెకు ఈ గాలి మొదట సైకిలుతోనూ, తరువాత లారీ, బస్సులతోనూ, రబ్బరు చక్రాల టైరుబండితోనూ చేరింది. దానితోపాటు గాలి అనే మాట కొత్త క్రియలను కూడగట్టుకుంది. గాలి కొట్టడం, గాలి పట్టించడం, గాలి దిగడం, గాలి తీయడం అనేవి ఇప్పుడు అచ్చ తెలుగు పలుకుబళ్ళు. పంచరు అనే అన్యదేశ్యం కూడా పడటం, వేయడం అనే తెలుగు క్రియలతో కలిసి ఇంటిమాటగా మారింది.

ఈ వర్గంలో విశేషమైన పదం స్టెప్నీ. వేల్స్ దేశంలోని లనెలీ పట్టణంలో స్టెప్నీ అనే వీధి ఉంది. డేవిస్ సోదరులు 1904 ప్రాంతంలో అక్కడ తయారుచేసిన అదనపు చక్రానికి ఆ వీధి పేరే వచ్చింది. ఇంగ్లండులో ఆ మాట మరుగున పడింది. భారతీయ భాషల్లో మాత్రం అదనపు చక్రానికి నేటికీ అదే పేరు. మెకానిక్ షెడ్డు పదజాలం ఒక్కోసారి మూలభాష కన్నా ఎక్కువ కాలం పదాన్ని కాపాడుతుందనడానికి ఇది మంచి నిదర్శనం.

ఒత్తిడిని అంచనా వేయడానికి ఆ కాలంలో మూడు మార్గాలు ఉండేవి. మొదటిది చూపు: టైరు నేలకు ఆనినచోట ఎంత పరుచుకున్నదో చూడటం. రెండవది చప్పుడు: లారీ క్లీనరు ఇనుప రాడ్డుతో టైరును కొట్టి, గాలి సరిగా ఉన్న టైరు ఇచ్చే గట్టి మోతను, తగ్గిన టైరు ఇచ్చే బొద్దు మోతను వేరుచేయడం. మూడవది గేజి. మొదటి రెండూ అనుభవంతో వచ్చేవి, పుస్తకంలో లేనివి. జంట చక్రాలున్న లారీలో లోపలి టైరు కంటికి కనబడదు గనుక అక్కడ చప్పుడే ప్రమాణం.

4. బీగం నుండి రిమోట్ వరకు

తాళానికి రాయలసీమలో బీగం అనే మాట ప్రసిద్ధం. 1852లో వెలువడిన బ్రౌణ్య నిఘంటువులో బీగము చోటు చేసుకుంది. కన్నడంలోనూ ఇదే పదం తాళాన్ని సూచిస్తుంది. తాళంచెవికి ఉర్దూ వ్యవహారంలో ఉన్న చాబీ అనే మాటను పోర్చుగీసు మూలంగా పండితులు గుర్తించారు. ఈ విధంగా ఆదోని వంటి పట్టణంలో ఒకే వస్తువు చుట్టూ బీగం, తాళం, చెవి, చాబీ, కీ అనే మాటలు చేరాయి. వీటిలో ఏ పేరుతో పిలిచినా వస్తువు మాత్రం ఒకటే: పళ్ళున్న లోహపు ముక్క. ఆకురాయి చేతపట్టినవాడు దానికి నకలు చేయగలడు.

ఈ స్థితి 1980లలో మారసాగింది. ఫ్రాన్సులో 1982 నాటి రెనో ఫ్యూగో కారులో దూరం నుండి తలుపు తెరిచే రిమోట్ వచ్చింది. దొంగతనాలను అరికట్టడానికి తాళంచెవి పిడిలో చిన్న చిప్పును అమర్చి, దాని గుర్తింపు సంఖ్య సరిపోతేనే ఇంజను పనిచేసే ఇమ్మొబిలైజర్ పద్ధతి ఐరోపాలో 1998 నుండి కొత్త కార్లకు తప్పనిసరి అయింది. అదే ఏడాది మెర్సిడెస్ బెంజ్ సంస్థ తాళంచెవిని జేబులో ఉంచుకొనే కారు నడిపే ఏర్పాటును ప్రవేశపెట్టింది. మన దేశంలో 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 తొలి తరం తాళంచెవి లోహపు ముక్క మాత్రమే. తరువాతి తరాల చిన్న కార్లలోనూ చిప్పు తాళాలు చేరాయి. దీనితో రూపంలో అచ్చు గుద్దినట్లున్న నకలు తాళం కూడా తలుపు తెరిచి, ఇంజనును మాత్రం నడపలేని వింత పరిస్థితి ఏర్పడింది. నకలు అనే మాటకు అర్థమే మారింది. ఆకృతిని అనుకరించడం చాలదు, సంఖ్యను కూడా రాబట్టాలి.

5. గాలికి సంకేతం తోడైన కాలం

చక్రంలోని ఒత్తిడిని కొలిచి డ్రైవరుకు తెలిపే ఏర్పాటు తొలిసారి 1986లో పోర్షె 959 అనే ఖరీదైన కారులో కనిపించింది. అది సామాన్య వాహనాలకు దిగిరావడానికి ఒక విషాదం కారణమైంది. అమెరికాలో టైర్ల పైపొర ఊడి కార్లు బోల్తాపడిన ప్రమాదాల పరంపర నేపథ్యంలో 2000లో పెద్ద సంఖ్యలో టైర్లను వెనక్కి రప్పించారు. అదే ఏడాది నవంబరులో ట్రెడ్ చట్టం వచ్చింది. దాని ఫలితంగా 2007 సెప్టెంబరు నాటికి అక్కడి కొత్త తేలికపాటి వాహనాలన్నిటికీ ఒత్తిడి హెచ్చరిక తప్పనిసరి అయింది. ఐరోపాలో ఈ నియమం 2012లో కొత్త నమూనాలకు, 2014 నవంబరులో కొత్త కార్లన్నిటికీ వర్తించింది.

భారతదేశంలో ఈ ప్రవేశం మరో రూపంలో జరిగింది. 2020 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ మోటారు వాహనాల నియమాలను సవరించింది. ట్యూబులేని టైర్లు, పంచరు వేసుకునే సామగ్రి, ఒత్తిడి హెచ్చరిక ఏర్పాటు ఉన్న చిన్న వాహనాలకు అదనపు చక్రం తప్పనిసరి కాదని తెలిపింది. చరిత్ర దృష్టితో చూస్తే ఇది చిన్న సవరణ కాదు. వందేళ్ళకు పైగా భరోసాగా నిలిచిన స్టెప్నీ స్థానంలో ఒక సంకేతం వచ్చి కూర్చున్నది. సంకేతం పనిచేసినంతవరకే ఆ భరోసా.

6. లోపనిర్ధారణ క్రమం

6.1 టైరు సెన్సర్లు

ఒత్తిడిని తెలుసుకునే పద్ధతులు రెండు. ప్రత్యక్ష పద్ధతిలో ప్రతి చక్రంలోనూ వాల్వు వెనుక ఒక సెన్సర్ ఉంటుంది. అది ఒత్తిడిని కొలిచి, తన గుర్తింపు సంఖ్యతో కలిపి రేడియో సంకేతంగా పంపుతుంది. పరోక్ష పద్ధతిలో సెన్సర్ ఉండదు. గాలి తగ్గిన చక్రం వ్యాసార్థం తగ్గి కాస్త వేగంగా తిరుగుతుంది. బ్రేకుల ఏబీఎస్ సెన్సర్లు ఆ తేడాను పసిగడతాయి. పాత కారు షెడ్డుకు వచ్చినప్పుడు తేల్చవలసిన మొదటి విషయం ఇదే. పరోక్ష పద్ధతి ఉన్న కారుకు సెన్సర్లు మార్చాలనడం అజ్ఞానం లేదా మోసం. అందులో నాలుగు టైర్లకూ సరిగా గాలి పట్టించి, రీసెట్ చేస్తే చాలా సందర్భాల్లో దీపం ఆరిపోతుంది.

రెండవ మెట్టు దీపం తీరును గమనించడం. అమెరికా ప్రమాణాన్ని అనుసరించే వ్యవస్థల్లో దీపం నిలకడగా వెలిగితే గాలి తగ్గిందని అర్థం. బండి స్టార్టు చేయగానే నిమిషం పైగా మిణుకుమని తరువాత నిలకడగా వెలిగితే లోపం వ్యవస్థలోనే ఉంది. ఈ తేడా తెలియక గాలి మళ్ళీ మళ్ళీ పట్టించడం వృథా శ్రమ.

మూడవది సెన్సర్ వయసు. లోపలి లిథియం సెల్లు సాధారణంగా ఐదు నుండి పదేళ్ళు పనిచేస్తుంది. దానిని విడిగా మార్చే వీలుండదు, సెన్సరునే మార్చాలి. నాలుగూ ఒకే రోజు బిగించినవి గనుక ఒకటి చచ్చిన తరువాత మిగిలినవీ ఎక్కువ కాలం నిలవవు. వాల్వు కాడ అల్యూమినియంది అయినప్పుడు లోపల మామూలు ఇత్తడి పిన్ను బిగిస్తే రెండు లోహాల మధ్య తుప్పు ఏర్పడి పిన్ను పట్టేస్తుంది. నికెల్ పూత ఉన్న పిన్ను వాడటమే దీనికి విరుగుడు. టైరు విప్పేటప్పుడు ఇనుప కడ్డీ వాల్వు పక్కన పడితే సెన్సర్ పగులుతుంది. పంచరు నివారణకు పోసే ద్రవం సెన్సర్ రంధ్రాన్ని మూసివేయవచ్చు. ఈ మూడూ పంచరు షాపు చేతిలో ఉన్న జాగ్రత్తలు. ఏ స్కానరూ అవసరం లేనివి.

నాలుగవది అసలు చిక్కు. కొత్త సెన్సర్ బిగించినంత మాత్రాన కారు దానిని గుర్తించదు. 125 కిలోహెర్ట్జ్ సంకేతంతో దానిని మేల్కొలిపి, దాని సంఖ్యను కారు కంప్యూటరుకు నేర్పాలి. కొన్ని కార్లు కొంతదూరం నడిపితే తామే నేర్చుకుంటాయి. కొన్నిటికి పరికరం తప్పనిసరి.

6.2 వేసవి, గాలి, అపోహ

కర్నూలు జిల్లా వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలు. ఎండకు టైరు పేలుతుందని భయపడి గాలి తగ్గించడం విస్తృతంగా ఉన్న అలవాటు. లెక్క దీనికి విరుద్ధంగా ఉంది. ఉదయం 25 డిగ్రీల వద్ద 33 పీఎస్‌ఐ ఉన్న టైరు 45 డిగ్రీలకు చేరితే గేజి మీద సుమారు 36 చూపుతుంది. ఇది సహజమైన పెరుగుదల, టైరు రూపకల్పనలోనే దీనికి చోటుంది. అప్పుడు గాలి తీసి 33కు దింపితే మరునాటి ఉదయానికి అది 30కి చేరుతుంది. గాలి తగ్గిన టైరు పక్కగోడలు ఎక్కువగా వంగి, ఆ వంపులోనే అధికంగా వేడెక్కి, చివరకు పేలే ప్రమాదం పెరుగుతుంది. అంటే పేలుడును తప్పించాలన్న ప్రయత్నమే పేలుడుకు దారితీస్తుంది.

ఇక్కడ సెన్సర్ కూడా పూర్తి రక్షణ కాదు. అమెరికా ప్రమాణం ప్రకారం నిర్దేశిత ఒత్తిడి కన్నా 25 శాతం తగ్గినప్పుడు హెచ్చరిక రావాలి. 33కు ఆ హద్దు దాదాపు 25. ముప్పై వద్ద దీపం వెలగకపోవచ్చు. అందువల్ల చల్లని టైరు మీద, ప్రయాణానికి ముందు, చేతి గేజితో చూసే పాత పద్ధతి కాలం చెల్లినది కాదు. కొత్త పరికరం పాత అలవాటుకు తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కాదు.

6.3 రిమోట్ తాళంచెవి

రిమోట్ లోపాల్లో మొదట చూడవలసింది గుండ్రటి సెల్లు. చాలా వాటిలో ఇది మూడు వోల్టుల సీఆర్2032. దానిని మార్చినా పనిచేయకపోతే రెండవ తాళంచెవితో ప్రయత్నించాలి. రెండవది పనిచేస్తే లోపం మొదటి రిమోట్‌లో, రెండూ పనిచేయకపోతే లోపం కారులో ఉన్నట్లు. ఈ ఒక్క పరీక్ష చాలా ఖర్చును తప్పిస్తుంది.

రిమోట్ పనిచేయకపోవడం, ఇంజను స్టార్టు కాకపోవడం వేర్వేరు జబ్బులు. ఇంజనును అనుమతించే చిప్పుకు సెల్లు అవసరం లేదు. తాళం రంధ్రం చుట్టూ ఉన్న తీగచుట్ట నుండి వచ్చే శక్తితోనే అది సమాధానం చెబుతుంది. అందుకే జేబులో ఉంచుకునే తాళంచెవి సెల్లు పూర్తిగా అయిపోయినా, దానిని కంపెనీ సూచించిన చోట, తరచుగా స్టార్టు బటన్‌కు ఆనించి, బండిని కదిలించవచ్చు. దారిలో నిలిచిపోయిన కుటుంబానికి ఈ చిన్న విషయం తెలియడం పెద్ద సాయం.

రిమోట్ నొక్కిన ప్రతిసారీ పంపే సంఖ్య మారుతూ ఉంటుంది. కారుకు దూరంగా పిల్లలు ఆడుకుంటూ అనేకసార్లు నొక్కితే రెండిటి లెక్కా తప్పవచ్చు. తిరిగి జత కలిపే విధానం కొన్ని కార్ల పుస్తకంలో ఉంటుంది.

కొన్ని కార్లలో టైరు సెన్సర్ల సంకేతాన్నీ రిమోట్ సంకేతాన్నీ ఒకే రిసీవర్ అందుకుంటుంది. మన దేశంలో ఈ పరికరాలు ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో పనిచేస్తాయి. రెండు వ్యవస్థలూ ఒకేసారి మూగబోతే నాలుగు సెన్సర్లు, రెండు తాళాలు ఒక్కసారిగా చెడ్డాయని భావించడం తర్కవిరుద్ధం. ఉమ్మడి రిసీవర్, దాని యాంటెనా, ఫ్యూజు – వీటిని ముందుగా చూడాలి. బజారులో కొని అమర్చిన ఏ చార్జరో, కెమెరానో అడ్డు తగులుతున్నదేమో విప్పి పరీక్షించాలి. ఇది పాత ఫిట్టరు తర్కమే. రెండు మరలు ఒకేసారి ఆగితే వాటిని నడిపే పట్టీని చూడమన్న మిల్లు అనుభవానికీ దీనికీ తేడా లేదు.

7. ఎవరి చేతిలో తాళం?

తర్కం స్థానికంగా ఉన్నా సాధనం స్థానికంగా లేకపోవడమే నేటి సమస్య. అన్ని కంపెనీల అధీకృత కేంద్రాలూ ఆదోని, ఎమ్మిగనూరు వంటి పట్టణాల్లో ఉండవు. ఆదోని నుండి కర్నూలుకు సుమారు 100 కిలోమీటర్లు. స్టార్టు కాని కారును అంతదూరం తరలించడానికి అయ్యే ఖర్చు, పాత కారు కొన్న మధ్యతరగతి కుటుంబానికి భారమే. పదేళ్ళ కారును సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవారికి తరచుగా ఒక్క తాళంచెవే దక్కుతుంది. అది పోతే కారు ఇంటిముందు నిలిచిపోతుంది.

ఈ విషయం న్యాయవేదికల దాకా వెళ్ళింది. విడిభాగాలను, లోపనిర్ధారణ పరికరాలను స్వతంత్ర మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారన్న ఫిర్యాదుపై భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలపై 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. దానిపై అప్పీళ్ళు సాగాయి. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీని నియమించి, వ్యవసాయ యంత్రాలు, ఫోన్లు, గృహోపకరణాలతో పాటు వాహనాలనూ అందులో చేర్చింది. అదే ఏడాది డిసెంబరులో సమాచార పోర్టల్ ప్రారంభమైంది. ఆదేశం వెలువడటం వేరు, ఆదోని షెడ్డులో పరికరం చేతికి రావడం వేరు.

మూసివేతను సమర్థించే వాదన ఒకటుంది. తాళం రహస్యాలు అందరికీ తెలిస్తే దొంగలకు దారి తెరిచినట్లేనని కంపెనీల మాట. ఇందులో కొంత నిజం లేకపోలేదు. నకలు తాళం చేసేవారు యజమాని ఆర్‌సీ, గుర్తింపు పత్రం చూడటం, నమోదు ఉంచడం తప్పనిసరి కావాలి. అయితే రహస్యం భద్రతతో సమానం కాదు. విస్తృతంగా వాడిన కీలాక్ అనే తాళపు సంకేతపద్ధతిని 2007-08 కాలంలో ఐరోపా పరిశోధకులు ఛేదించి చూపారు. టైరు సెన్సర్ల సంకేతాలకు రక్షణే లేదని, 40 మీటర్ల దూరం నుండి కూడా వాటిని అందుకోవచ్చని 2010లో అమెరికా పరిశోధకులు నిరూపించారు. దొంగకు దారి ముందే ఉంది. నిజాయితీగల మెకానిక్‌కు మాత్రమే అది మూసుకుపోయింది.

పరిష్కారానికి ఈ ప్రాంత చరిత్రలోనే ఒక నమూనా కనిపిస్తుంది. 1938లో ఒంటరి నేతగాడికి అందని నూలును, విపణిని సంఘం అందించింది. ఒక్కో షెడ్డూ విడిగా కొనలేని స్కానర్లను, సెన్సర్ పరికరాలను, వాటి ఏటేటి సాఫ్ట్‌వేర్ చందాలను మెకానిక్‌లు ఉమ్మడిగా సమకూర్చుకోవడం ఆ అనుభవానికి కొనసాగింపే అవుతుంది. నకలు తాళాల నమోదు పుస్తకం కూడా అటువంటి సంఘం చేతిలో ఉంటే దొంగతనం భయానికి సమాధానం దొరుకుతుంది.

8. ముగింపు

1. గాలి, తాళం అనే రెండు అంశాల్లోనూ పరిజ్ఞానం ఇంద్రియానుభవం నుండి యాంత్రిక కొలతకు, అక్కడి నుండి రేడియో సంకేతానికి మారింది. ప్రతి మెట్టులో స్థానిక మరమ్మతుదారు అధికారం కొంత కుదించుకుపోయింది.

2. పదజాలం ఈ మార్పును నిక్షిప్తం చేసుకున్నది. గాలి పట్టించడం, పంచరు వేయడం వంటి వాటిలో క్రియ తెలుగుది, కర్త స్థానికుడు. సెన్సర్, ప్రోగ్రామింగ్ వంటి వాటిలో పేరు మాత్రమే వచ్చింది, పని పూర్తిగా రాలేదు.

3. లోపాన్ని గుర్తించే తర్కం మాత్రం పాత వృత్తుల నుండి తెగిపోలేదు. రెండవ తాళంతో పోల్చడం, ఉమ్మడి కారణాన్ని ముందు వెతకడం, చల్లని టైరును గేజితో చూడటం – ఇవి పరికరం లేకుండానే సగం సమస్యలను తేల్చగలవు.

4. వ్యవసాయ, చేనేత పదకోశాల కోవలో మోటారు మరమ్మతు పదాలను సేకరించవలసి ఉంది. తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసే పశ్చిమ కర్నూలు అందుకు తగిన క్షేత్రం. పదంతో పాటు పనిచేసే పద్ధతినీ నమోదు చేస్తేనే ఆ సేకరణకు ప్రయోజనం. చప్పుడు విని టైరును తెలుసుకునే తరం వృద్ధాప్యంలోకి జారుతున్నది గనుక ఈ పనిని వాయిదా వేయడానికి వీలులేదు.